ఈ పాట ఎవరిచ్చారు?

ఐర్లండ్‌కి పడమటి అంచున, క్లేర్ కౌంటీలో మిల్‌టౌన్ మాల్బే అని ఒక చిన్న ఊరుంది. జులై మొదటి వారంలో ఆ ఊళ్లో కాలు పెట్టే సందుండదు. ఉలియన్ పైప్స్ (తిత్తి వాయిద్యం) విద్వాంసుడు విల్లీ క్లాన్సీ ఊరది. ఆయన 1973 జనవరిలో పోయాడు. అదే ఏడు వేసవిలో ఆయన పేరు మీద ఒక సంగీత పాఠశాల మొదలైంది. అప్పటినుంచీ ఏటా ఎక్కడెక్కడి జనమో ఫిడేళ్లు, ఫ్లూట్లు, కాన్సర్టీనాలు భుజాన వేసుకుని అక్కడికి చేరతారు. పొద్దున పాఠాలు. సాయంత్రమైతే ఏ పబ్బులోకి తొంగిచూసినా ఒక బల్ల, దాని చుట్టూ ఎనిమిదిమందో పదిమందో వాయించేవాళ్లు. దాన్ని సెషన్ అంటారు.

సెషన్‌కి వేదిక ఉండదు, మైకు ఉండదు, స్వరాలు రాసుకున్న కాగితం అసలే ఉండదు. ఎవరో ఒకరు అందుకుంటారు. తెలిసినవాళ్లు కలుస్తారు. తెలియనివాళ్లు వాయిద్యం ఒళ్లో పెట్టుకుని చెవులప్పగిస్తారు. ఒక్కో ట్యూన్‌కి మామూలుగా రెండు భాగాలు, ఒక్కో భాగం 8 బార్లు (తాళం లెక్కలో ఆవర్తాలు), దేన్నైనా రెండేసిసార్లు వాయిస్తారు కాబట్టి ఒక చుట్టుకి 32 బార్లు. రెండు మూడు చుట్లు తిప్పి, ఊపిరి పీల్చుకోకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకేస్తారు. అంతా ఆగాక, గ్లాసులు చేతికందుకునే ఆ కాస్త వ్యవధిలో, వింటూ కూర్చున్నవాళ్లలో ఒకరు వంగి అడుగుతారు: ‘‘రెండోది బాగుంది. ఎవరి దగ్గర పట్టావు?’’

ట్యూన్ పేరు ఆ తర్వాత. చాలాసార్లు వాయించినవాడికే పేరు తెలియదు. పేరు లేనిదని ఐరిష్ భాషలో రాసి అచ్చేసిన ట్యూన్లు పుస్తకాల నిండా ఉన్నాయి. కానీ ఎవరిచ్చారో మాత్రం చెప్పగలుగుతాడు: ఫలానా ఊళ్లో ఫలానా ఫ్లూటు ఆయన, ఆయనకి వాళ్ల మేనత్త. మన కర్ణాటక సంగీతంలో ఒక కృతి వినగానే ఇది ఎవరి పాఠాంతరం అని అడిగే పెద్దవాళ్లు గుర్తొస్తారు. గాల్వే తూర్పు ప్రాంతంలో పాడీ ఫేహీ అని ఒకాయన ఉండేవాడు. డజన్లకొద్దీ ట్యూన్లు కట్టాడు, ఒక్కదానికీ పేరు పెట్టలేదు. రికార్డు కంపెనీలకి ఒక్కటీ ఇవ్వలేదు. ఇళ్లల్లో టేపుల మీద పట్టుకున్నవి చేతులు మారి దేశమంతా తిరిగాయి. నూరేళ్లు దాటి బతికి 2019లో ఆయన పోయేనాటికి, పేరులేని ఆ ట్యూన్లన్నిటికీ ఒకటే పేరు స్థిరపడిపోయింది: పాడీ ఫేహీది. ‘పాడీ ఫేహీ జిగ్ వాయించు’ అంటే ‘ఏ పాడీ ఫేహీ జిగ్?’ అని అడగాల్సిందే. అప్పుడు ఇద్దరూ చెరో నాలుగు స్వరాలు కూనిరాగం తీసి తేల్చుకుంటారు.

నేనుంటున్న ఈ దేశంలో పాటైనా, పుస్తకమైనా, సినిమా అయినా ఒకరికొకరు చెప్పుకునే తీరంతా ఆ బల్ల దగ్గర కనిపిస్తుంది. వస్తువుతోపాటు ఇచ్చినవాళ్ల పేరు కూడా చేతికొస్తుంది. ‘బాగుంది, విను’ అన్నది చిన్న మాటే. అన్నవాడు దానికి పూచీ పడుతున్నాడు. 2022 జనగణన ప్రకారం ఐర్లండ్ రిపబ్లిక్ జనాభా 51 లక్షల పైచిలుకు, ఒక్క హైదరాబాద్ నగరం కంటే తక్కువ. ఇంత చిన్న చోట అబద్ధపు పొగడ్త దాగదు. వచ్చే వారం అదే బల్ల దగ్గర, అదే లైబ్రరీ కౌంటర్ దగ్గర ఎదురుపడాలి. అందుకే పొగడ్తలో ఇక్కడివాళ్లు మహా పొదుపు. ‘ఫరవాలేదు, చూడొచ్చు’ అని నెమ్మదిగా అన్నారంటే ఆ పూటే టికెట్ కొనుక్కోవచ్చు. ఫోన్ తెర మీద మన కోసమని పేర్చిపెట్టే జాబితాలకి పూచీదారు ఎవరూ లేరు. నచ్చకపోతే వెళ్లి నిలదీయడానికి మనిషి లేడు. నాకు వాటితో ఉన్న పేచీ అదొక్కటే.

అమెరికా నుంచి తిరిగొచ్చిన పాటలు

ఐరిష్ పాటల్లో పెద్ద భాగం నిలబడింది ఊరొదిలి వెళ్లినవాళ్ల చలవ. ఫ్రాన్సిస్ ఓనీల్ 1848లో కార్క్ కౌంటీలో పుట్టాడు. కుర్రతనంలోనే ఓడెక్కి సముద్రాలు తిరిగి, చివరికి చికాగోలో పోలీసు ఉద్యోగంలో కుదురుకున్నాడు. 1901 నుంచి 1905 దాకా ఆ నగరానికి పోలీసు చీఫ్. ఫ్లూటు వాయిస్తాడు, ఒకసారి విన్నది మరిచిపోడు. కానీ స్వరాలు రాసే విద్య అంతగా లేదు. అది తెలిసినవాడు ఇంకొకాయన దొరికాడు, ఇంటిపేరు కూడా ఓనీలే, చుట్టరికం లేదు. ఐర్లండ్‌లోని ప్రతి కౌంటీ నుంచీ వచ్చిన కూలీలు, కానిస్టేబుళ్లు, వంటవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్ల నోట్లో, వేళ్లలో ఉన్నవన్నీ ఒకాయన వాయించడం, ఒకాయన రాయడం. అలా 1903లో 1,850 ట్యూన్లతో పుస్తకం వేశారు. 1907లో 1,001 నాట్యపు ట్యూన్లతో ఇంకొకటి వచ్చింది. ఐర్లండ్‌లో సంగీతకారులు దాన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు. ‘పుస్తకం’ అంటే చాలు, అదే.

తర్వాత గ్రామఫోన్ వచ్చింది. స్లైగో కౌంటీకి చెందిన మైకేల్ కోల్మన్ అనే ఫిడేలు విద్వాంసుడు 1914లో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. 1920ల్లో ఆయన ఇచ్చిన 78 ఆర్‌పీఎం రికార్డులని అక్కడి ఐరిష్‌వాళ్లు మూటగట్టి ఇంటికి పోస్టు చేసేవాళ్లు. పల్లెలో గ్రామఫోన్ ఉన్న ఇల్లు ఒకటే ఉంటే, ఊరంతా ఆ వంటింట్లోనే. ఆయన వాయించిన తీరు ఎంత మోహపెట్టిందంటే, ఎవరి ప్రాంతపు బాణీ వాళ్లు వదిలేసి అందరూ స్లైగో పద్ధతి పట్టారు. 1934లో ఆయన ఒక రికార్డు మీద టార్బోల్టన్, లాంగ్‌ఫర్డ్ కలెక్టర్, సెయిలర్స్ బానెట్ అనే మూడు రీళ్లని (రీల్ కూడా జిగ్‌లాగే ఒక రకం నాట్యపు ట్యూన్) వరసగా వాయించాడు. ఈనాటికీ సెషన్‌లో మొదటిది ఎత్తుకున్నారంటే మిగతా రెండూ అదే వరసలో రావలసిందే.

మంచి సిఫార్సు చేసే హాని కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఒకే పాట అందరికీ నచ్చేస్తే, పక్కింటి ముసలాయన వాయించే వంకరటింకర రీలు ఎవరికీ పట్టదు. ఆ పని యంత్రమే చేయక్కర్లేదు, మనుషులూ చేస్తారు. దానికి విరుగుడు కూడా ఒక మనిషే అయ్యాడు. కియరాన్ మాక్‌మహూనా 1954లో రేడియో ఏరన్‌లో చేరాడు. రికార్డింగ్ వ్యాన్ వేసుకుని పల్లెలు తిరిగాడు, వంటిళ్లలో వాయించే పెద్దవాళ్లని పట్టుకుని వాళ్లనే దేశానికి వినిపించాడు. ఆదివారం పొద్దుటిపూట ఆయన నడిపిన ‘మొ హ్యోల్ హూ’ కార్యక్రమం 1970 నుంచి 2005 దాకా సాగింది. కాస్త పాట, కాస్త కవిత, రెంటి మధ్య తొందర లేని గొంతు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చున్న తరం మనలో ఇంకా ఉంది. ఆ గొంతు ఫలానా పాట వినండి అంటే విన్నాం. ఎందుకు వినాలని ఎవరూ అడగలేదు. ఆ నమ్మకం ఎలాంటిదో వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

చదవమని చెప్పడమే నేరమైనప్పుడు

1929లో కొత్త ఐరిష్ ప్రభుత్వం పుస్తకాల సెన్సార్ చట్టం తెచ్చింది. అసభ్యమని బోర్డు తేలిస్తే చాలు, ఆ పుస్తకం దేశంలో అమ్మకూడదు. నిషేధించిన పేర్లు ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యేవి. అలా వేలకొద్దీ పేర్లు చేరాయి. ఆ దేశం తర్వాత తలమీద పెట్టుకున్న రచయితలు చాలామంది అందులో ఉన్నారు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ మాత్రం ఐర్లండ్‌లో అధికారికంగా ఎప్పుడూ నిషేధానికి గురికాలేదు. పుస్తకాల షాపులే దాని జోలికి పోలేదు.

ఈ చరిత్రలో నన్ను వదలనిది ఒక పల్లెటూరి దర్జీ కథ. కార్క్ కౌంటీలో గూగన్ బారా అని కొండల మధ్య ఒక సరస్సు. దాని దగ్గర టిమ్ బక్లీ అనే దర్జీ, ఆయన భార్య ఆన్స్టీ. వాళ్ల ఇల్లు దారినపోయేవాళ్లందరికీ విడిది. పొయ్యి పక్కన కూర్చుని దర్జీ కథలు చెబుతాడు, ఆన్స్టీ మధ్యలో అడ్డుతగులుతూ ఉంటుంది. పశువుల ఈతలు, పెళ్లిళ్లు, చావులు, ఊరి రంకులు, అన్నీ పల్లె మనిషి మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఎరిక్ క్రాస్ ఆ మాటలు రాసిపెట్టి 1942లో ‘ది టైలర్ అండ్ ఆన్స్టీ’ అని పుస్తకం వేశాడు. కథకుడు ఫ్రాంక్ ఓకానర్ ముందుమాట రాశాడు. ఆ ఏడాదే బోర్డు దాన్ని నిషేధించింది. ఎగువసభలో రోజుల తరబడి చర్చ జరిగింది. ఒక సభ్యుడు పుస్తకంలోంచి చదివి వినిపించిన భాగాలని సభ రికార్డుల్లోంచి తీసేశారు, రికార్డులే అసభ్యమైపోతాయని. ఒకరోజు ముగ్గురు మతగురువులు ఆ ఇంటికొచ్చారు. ముసలాయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆయన కాపీని ఆయన పొయ్యిలోనే, ఆయన చేతులతోనే కాల్పించారు. ఎంతమందికి ఆ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కథ చెప్పాడో, అదే పొయ్యి.

1965లో జాన్ మగాహర్న్ రెండో నవల ‘ది డార్క్’ నిషేధించారు. ఆయన డబ్లిన్‌లో బడిపంతులు. ఆ ఉద్యోగం పోయింది. అప్పట్లో పుస్తకాలు ఇంగ్లండ్ నుంచి, బెల్‌ఫాస్ట్ నుంచి పెట్టె అడుగున బట్టల కింద వచ్చేవి. ఖాకీ కాగితం అట్ట వేసుకుని ఒక చేతిలోంచి ఇంకో చేతికి వెళ్లేవి. ‘ఇది చదువు’ అని ఒకరికి ఇవ్వాలంటే ఆ మనిషి మీద ఎంత గురి ఉండాలో ఆలోచించండి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏ ఇంట్లో ఏ అల్మరాలో దాచొచ్చు, ఇదంతా తెలిసి చేసిన సిఫార్సులవి. 1967లో చట్టం సడలించి, నిషేధం పన్నెండేళ్లకి దానంతటదే రద్దయ్యేలా చేశాక చాలా పుస్తకాలు ఒక్కసారిగా వెలుగులోకొచ్చాయి.

క్లేర్ కౌంటీ అమ్మాయి ఎడ్నా ఓబ్రయన్ రాసిన ‘ది కంట్రీ గర్ల్స్’ 1960లో వచ్చింది. పల్లె నుంచి డబ్లిన్ చేరిన ఇద్దరు స్నేహితురాళ్ల కథ. వెంటనే నిషేధించారు. డబ్లిన్ నగర లైబ్రరీలు 2006 నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒక పుస్తకం ఎంచి, ఊరంతా ఈ నెల ఇది చదవండని చెబుతున్నాయి. మొదటి ఏడాది ఫ్లాన్ ఓబ్రయన్ ‘అట్ స్విమ్-టూ-బర్డ్స్’. 2019లో ఎంచింది ఎడ్నా ఓబ్రయన్ ‘కంట్రీ గర్ల్స్’ మూడు నవలల్నీ. ఒకనాడు అట్ట మార్చి దాచుకున్న పుస్తకం లైబ్రరీ గుమ్మంలోనే వరసలుగా నిలబడింది. అప్పటికి ఆవిడ వయసు 88. ఆ రోజు చూసే దాకా ఆవిడ ఉన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. 2024లో ఆవిడ పోయారు.

నార్మండీ నుంచి మదనపల్లెకి

ఐర్లండ్‌కీ మనకీ మధ్య సాగిన సిఫార్సుల్లో అన్నిటికంటే దూరం ప్రయాణించినది ఒకటుంది. 1912 వేసవిలో లండన్‌లో విలియం రోథెన్‌స్టైన్ అనే చిత్రకారుడు ఐరిష్ కవి యేట్స్ చేతికి ఒక రాతప్రతి ఇచ్చాడు. ఒక బెంగాలీ కవి తన పాటలని తనే ఇంగ్లిష్‌లోకి మార్చుకున్న ప్రతి. రోథెన్‌స్టైన్ స్నేహం కొద్దీ చూడమన్నాడు, అంతే. యేట్స్ దాన్ని రోజుల తరబడి వెంటబెట్టుకు తిరిగాడు. రైళ్లలో, బస్సు మీద, హోటళ్లలో చదువుకున్నాడు. తను ఎంత కదిలిపోతున్నాడో పక్కవాళ్లు చూస్తారని మధ్యమధ్యలో మూసేసేవాడినని ‘గీతాంజలి’ ముందుమాటలో ఆయనే రాశాడు. చేతికొచ్చినదాన్ని తనలోనే ఉంచుకునే మనిషి కాదు. కనబడ్డవాళ్లకల్లా చదివి వినిపించాడు.

ఆ ఆగస్టులో ఆయన ఫ్రాన్స్‌లో, నార్మండీ తీరాన, ఐరిష్ జాతీయోద్యమ నాయకురాలు మాడ్ గాన్ ఇంట్లో అతిథి. అదే ఇంట్లో డబ్లిన్ నుంచి వచ్చిన ఒక జంట కూడా ఉంది: జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్. జేమ్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి, ఐరిష్ నాటకోద్యమం తొలినాళ్లలో పనిచేసినవాడు. మార్గరెట్ రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణం పిల్ల. సంగీతంలో డిగ్రీ చేసింది, పియానో వాయించేది, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్లింది. డబ్లిన్‌లో వాళ్ల ఇల్లు కళాకారులకి మజిలీ. 1904 జూన్‌లో ఇరవై రెండేళ్ల జేమ్స్ జాయిస్ కూడా తలదాచుకోవడానికి కొద్దిరోజులు ఆ ఇంటికి వచ్చాడు. నార్మండీలో యేట్స్ ఆ రాతప్రతి తీసి చదువుతుంటే కజిన్స్ దంపతులు విన్నారు. ఠాగూర్ పాటలు వాళ్లకి అలా పరిచయం. అప్పటికి ‘గీతాంజలి’ ఇంగ్లిష్ పుస్తకం అచ్చు కాలేదు, నోబెల్ మాటే లేదు.

మరుసటి ఏడాది మే నెలలో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్ ఠాగూర్ నాటకం ‘పోస్టాఫీస్’ ఆడింది. నవంబరులో నోబెల్ వచ్చింది. 1915లో కజిన్స్ దంపతులు అనిబిసెంట్ పిలుపు మీద ఇండియాకి ఓడెక్కారు. జేమ్స్ మద్రాసులో ఆవిడ పత్రిక ‘న్యూ ఇండియా’లో చేరాడు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటుని మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజంవాళ్ల కాలేజీకి చేరాడు. పాఠాలు చెప్పాడు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ దక్షిణాదిన ఊరూరా ప్రసంగిస్తూ అలసిపోయి ఉన్నాడు. కజిన్స్ పిలిస్తే విశ్రాంతికి మదనపల్లె వచ్చి కొన్ని రోజులున్నాడు. ఒక సాయంత్రం కాలేజీ పిల్లలతో పాటల కాలక్షేపం నడుస్తుండగా ‘జనగణమన’ బెంగాలీలో పాడాడు. 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడిన పాట. అర్థం తెలియకపోయినా పిల్లలు పల్లవి అందుకున్నారు. ఆ రోజుల్లోనే ఠాగూర్ దాన్ని మదనపల్లెలోనే ఇంగ్లిష్‌లోకి తనే మార్చి, తన చేతిరాతతో రాసిచ్చాడు. మార్గరెట్ బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసింది. బాయిల్‌లో చిన్నప్పుడు నేర్చిన పియానో విద్య అక్కడ అక్కరకొచ్చింది. 1950 జనవరి 24న ఆ పాట జాతీయ గీతమైంది. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఈ గొలుసులో ఎవరూ ఎవరికీ పెద్ద బాధ్యత అప్పగించలేదు. బొమ్మలేసే మనిషి ఒక కవికి చూడమన్నాడు, కవి స్నేహితులకి వినిపించాడు, విన్నవాళ్లు పడవెక్కి మన రాయలసీమకొచ్చారు. ఒక సంగతి మాత్రం చెప్పుకోవాలి. తర్వాత్తర్వాత యేట్స్ ఠాగూర్ ఇంగ్లిష్ మీద విసుగు పడ్డాడు. ఆయన ఇంగ్లిష్‌లో నాసి పుస్తకాలు అచ్చేసి తన పేరు తనే పాడుచేసుకున్నాడని 1935లో రోథెన్‌స్టైన్‌కే ఉత్తరం రాశాడు. చెప్పినవాడి మనసు మారినా చెప్పిన మాట అప్పటికే చేయి దాటిపోయింది. మదనపల్లె పిల్లలు పాడేశారు.

‘టాక్ ఏంటి అన్నా?’

2022 జనగణన నాటికి ఐర్లండ్‌లో భారత పౌరులు 45 వేలకు పైగా ఉన్నారు. అందులో తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, ఆసుపత్రుల్లో, ఎంఎస్ చదివే కుర్రాళ్లలో కనిపిస్తారు. డబ్లిన్‌లో తెలుగు సినిమా పడుతుందంటే వాట్సాప్ గ్రూపులు ముందురోజే మేలుకుంటాయి. ‘టాక్ ఏంటి అన్నా?’ ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్.’ ‘క్లైమాక్స్ కోసం వెళ్లొచ్చు వదినా, పిల్లలతో మాత్రం వద్దు.’ మౌత్ టాక్ మీద నడిచే పరిశ్రమ మనది, దాన్ని నేను తక్కువ చేయను. ఆఖరి మాట చూడండి, పిల్లలున్న ఇల్లని తెలిసి చెప్పిన మాట అది. కానీ మిగతాదంతా తీర్పే. హిట్టా ఫట్టా, డబ్బులొచ్చాయా పోయాయా. సినిమాలో ఏముందో, ఎవరికి నచ్చుతుందో చెప్పే ఓపిక మనకి తగ్గిపోతోంది. నాకు బెంగగా ఉండేది అక్కడ.

‘ఆర్ఆర్ఆర్’ విషయంలో మాత్రం మనవాళ్లు బాగా చెప్పారు. ఐరిష్ సహోద్యోగులకి చెప్పడానికి పట్టు కూడా దొరికింది. గవర్నర్ భార్యగా వేసిన ఆలిసన్ డూడీ డబ్లిన్ మనిషి. గవర్నర్‌గా వేసిన రే స్టీవెన్సన్ ఉత్తర ఐర్లండ్‌లోని లిస్బర్న్‌లో పుట్టాడు, 2023లో పోయాడు. తెల్లదొరల మీద తిరగబడే కథ ఇక్కడివాళ్లకి వివరించాల్సిన పనే లేదు. 2023 మార్చిలో ఆస్కార్ ఇచ్చిన రాత్రి చంద్రబోస్ రాసి కీరవాణి బాణీ కట్టిన ‘నాటు నాటు’ గెలిచింది. అదే రాత్రి ‘ఆన్ ఐరిష్ గుడ్‌బై’కి లఘుచిత్రంగా ఆస్కార్ వచ్చింది. ‘ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’ తొమ్మిది విభాగాల్లో పోటీపడింది. ఐరిష్ భాషలో తీసిన ‘అన్ కాలీన్ క్యూన్’ (నిశ్శబ్దపు పిల్ల) అంతర్జాతీయ చిత్రాల పోటీలో నిలిచింది, ఆ భాష సినిమాకి అదే మొదటిసారి. మర్నాడు డబ్లిన్ ఆఫీసుల్లో కాఫీ మెషీన్ దగ్గర మాట్లాడుకోవడానికి రెండువైపులా సరుకుంది. మా పాట విన్నారా అని వీళ్లు, మా నిశ్శబ్దపు పిల్ల సినిమా చూశారా అని వాళ్లు.

ఆ ‘అన్ కాలీన్ క్యూన్’కి మూలం క్లేర్ కీగన్ రాసిన ‘ఫాస్టర్’. ఆవిడే రాసిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ నాకు చెప్పినావిడ మా పేట లైబ్రరీలో పనిచేస్తుంది. ఎలా చెప్పిందో చూడండి. బుకర్ తుది జాబితాకి వెళ్లిందనీ, బహుమతులొచ్చాయనీ ఏమీ అనలేదు. ‘‘బొగ్గు అమ్మే ఒకాయన, 1985 క్రిస్మస్ ముందు, న్యూ రాస్ ఊళ్లో. కాన్వెంట్‌కి బొగ్గు వేయడానికి వెళ్లి చూడకూడనిది చూస్తాడు. నూటపాతిక పేజీలు కూడా లేదు. ఒక సాయంత్రం చాలు, మర్నాడు సెలవు పెట్టుకో’’ అంది. మగ్డలీన్ లాండ్రీల పేరుతో ఆడపిల్లలని బంధించి చాకిరీ చేయించిన చరిత్ర ఎంత పెద్దదో ఆ చిన్న పుస్తకంతోనే నాకు ఒంటికి పట్టింది. బదులుగా నేను ఓల్గా ‘విముక్త’ కథల ఇంగ్లిష్ అనువాదం ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ ఇచ్చాను. అదీ పల్చటి పుస్తకమే. రామాయణం తెలియని మనిషి అహల్య ఎవరు, రేణుక ఎవరు అని ఒక్కొక్కరి గురించీ అడిగి తెలుసుకుంది. తర్వాత కార్క్‌లో ఉన్న వాళ్లక్కకి పంపిందట. సినిమా అడిగినవాళ్లకి నేను ‘కేరాఫ్ కంచరపాలెం’ చెబుతాను. తెర మీద ఉన్నవాళ్లలో చాలామంది ఆ పేటవాళ్లేనని ముందే చెప్పను, అయ్యాక చెబుతాను.

ఇక్కడి లైబ్రరీల గురించి ఒక మాట చెప్పాలి. సభ్యత్వానికి రూపాయి అక్కర్లేదు. 2019 నుంచి ఆలస్య రుసుము కూడా ఎత్తేశారు. దేశంలో ఏ మూల లైబ్రరీలో పుస్తకమైనా మన ఊరికి తెప్పించుకోవచ్చు. చెప్పిన పుస్తకం చేతికందే దూరంలో లేకపోతే ఎంత మంచి సిఫార్సు అయినా గాలిమాటే. మన గ్రంథాలయోద్యమం చేసిన పెద్దలకి ఆ సంగతి నూరేళ్ల కిందటే తెలుసు. డబ్లిన్ నగరపాలక సంస్థ ఇచ్చే అంతర్జాతీయ సాహిత్య బహుమతి మొత్తం లక్ష యూరోలు. 1996 నుంచి ఇస్తున్నారు. దానికి పుస్తకాలని సూచించేది ప్రచురణకర్తలు కాదు, దేశదేశాల పబ్లిక్ లైబ్రరీలు. అనువాదం గెలిస్తే రచయితకి 75 వేలు, అనువాదకులకి 25 వేలు. 2003లో ఒర్హాన్ పాముక్ నవలకి అలాగే వచ్చింది. ఇంగ్లిష్‌లోకి రాని పుస్తకానికి మాత్రం ఆ గుమ్మంలో చోటు లేదు. మన నవలల్లో ఎన్ని ఆ గుమ్మం దాకా అయినా వచ్చాయి? వెల్చేరు నారాయణరావు ‘కన్యాశుల్కం’ని ఇంగ్లిష్‌లోకి తేకపోతే గిరీశాన్ని ఇక్కడ ఎవరికి పరిచయం చేయగలిగేవాళ్లం? అలాంటి పని ఇంకా ఎన్నో పుస్తకాలకి జరగాలి, త్వరగా జరగాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో ఐరిష్‌వాళ్లకే బాగా తెలుసు. మార్టీన్ ఓ కైన్ ‘క్రే న కిల్లె’ అనే నవల 1949లో ఐరిష్ భాషలో వచ్చింది. ఐరిష్ మాట్లాడే కానమారా ప్రాంతపు ఇళ్లల్లో చదువొచ్చినవాళ్లు చుట్టూ కూర్చోబెట్టుకుని చదివి వినిపించారు. అచ్చయిన ఇంగ్లిష్ అనువాదం 2015 దాకా రాలేదు. అరవై ఆరేళ్లు ఆ నవల గొప్పదని చెప్పేవాళ్లు ఉన్నారు, విన్నవాళ్లు చదవడానికి దారి లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి, ఈ ఆదివారం చదివేవాళ్లకి నా పూచీ మీద అదే చెబుతున్నాను. పల్లెటూరి రచ్చబండ మాటలు తెలిసిన తెలుగువాళ్లకి అందులో కొత్తగా అనిపించేది తక్కువ. మనుషులందరూ చచ్చిపోయినవాళ్లే. శ్మశానంలో, పౌను పెట్టి కొన్న జాగాలో ఉన్నవాళ్లకి పదిహేను షిల్లింగుల జాగావాళ్లంటే చులకన. పడుకున్నచోటే పడుకుని తిట్టుకుంటారు, అప్పులు గుర్తుచేసుకుంటారు, పైన ఊళ్లో ఏం జరుగుతోందో తెలియక గింజుకుంటారు. పైనుంచి కొత్తగా ఎవరినైనా దింపారంటే చాలు, కాట్రీనా అనే ముసలావిడ వాళ్లని ఊపిరి సలపనివ్వదు. ఆవిడకి కావలసిన కబురు ఒకటే: తోడబుట్టిన నెల్ ఇంకా ఎందుకు చావలేదని.